కాలు ముందు, కరెంటు తర్వాత

ఒక్క మాట అడుగుతాను, గుండె మీద చెయ్యేసుకుని జవాబు చెప్పండి. మనిషిని పూడ్చిపెట్టాక, ఆ మనిషి చేసిన పనిని కూడా మోసుకొచ్చి అదే గోతిలో పడెయ్యమని ఏ గ్రంథంలో రాసుంది? ఏ అధ్యాయం? ఏ వచనం? చూపించండి. నేను అక్కడే నోరు మూసుకుంటాను. నా సంగతి తెలిసినవాళ్ళకి అదెంత పెద్ద మాటో తెలుసు.

మంగళవారం పొద్దున్న జంషెడ్‌పూర్ కద్మాలో మా సంఘం సంగీతం టీచరమ్మ కన్నుమూశారు. కోడలు టీ పట్టుకెళ్ళేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారట. ఉన్న ఒక్క కాలూ, ఎడమది, దుప్పటి బయట ఉందట. బుధవారం పూడ్చాం. సమాధి దగ్గర వాయించడానికి ఏమీ లేదు, ఉత్త గొంతులతో పాడాం. శ్రుతి ఎవరి దారిన వాళ్ళది. ఆవిడుంటే ఏమనేవారో తలుచుకుని ఆ ఏడుపులోనూ ఇద్దరు ముగ్గురు నవ్వారు. గురువారం సాయంత్రం సంతాప ప్రార్థన. అది అయ్యీ అవకముందే మా సంఘపెద్ద లేచి నిలబడి, "ఆవిడ వాయించే పెట్టె ఆవిడతోనే పోయింది. ఆదివారం ఆరాధన అయిపోగానే తీగలన్నీ విప్పి మూటకట్టీండి" అన్నారు.

ఆ మాట మీదే, ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళకీ ఆవిడని ఎరగనివాళ్ళకీ కలిపి ఈ కాగితం రాస్తున్నాను. పొగడ్త రాయడానికి కూర్చోలేదు. ఎవరైనా పొగిడితే ఆవిడకి వెంటనే దగ్గొచ్చేది.

నా గురించి ఒక్క ముక్క చెప్పి పక్కకి తప్పుకుంటాను. నాకు సంగీతం రాదు. చదువు కూడా అంతంత మాత్రమే. ఆదిత్యపూర్‌లో లేత్ మిషను మీద పని, ఆదివారం మా సంఘంలో ప్రసంగం. చదివింది గ్రంథం ఒక్కటే, దాన్నే మళ్ళీ మళ్ళీ చదివాను. మాంగోలో ఉంటాను, వంతెన దాటి ఆటోలో వస్తాను, చంకలో గ్రంథం ఉంటుంది. టీచరమ్మ స్కూల్లో లెక్కలు చెప్పేవారు. సంగీతం మాత్రం సంఘానికి.

మా ప్రార్థనాశాలలో ముందు ఒక పాత పియానో ఉండేది. ఏ దొర బంగళాలోంచి ఎలా వచ్చిందో ఎవరికీ తెలీదు. దాని కింద కుడివైపు పెడల్ నొక్కితే 'కిర్ర్' మనేది. పెడల్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెబుతున్నాను. మెట్టు మీంచి వేలు తీసేస్తే పియానో స్వరం ఆగిపోతుంది. పెడల్ తొక్కి ఉంచితే వేలు తీసినా స్వరం నిలుస్తుంది. అంతే. ఆ 'అంతే'లోనే సంగీతమంతా ఉందని ఆవిడ అనేవారు.

ఆ కిర్రు చప్పుడంటే నాకు భయం. ప్రసంగం సాగదీస్తున్నానని ఆవిడకి తోచగానే పెడల్ మీద కాలు పెట్టేవారు. కిర్ర్. నేను ప్రవక్తల కాలంలో ఎక్కడున్నా సరే, ఉన్నపళంగా ఆమెన్ దగ్గరికి దూకాలి. ఒకసారి ఆపలేదు. రెండోసారి కిర్రుమంది. అయినా ఆపలేదు. ఆవిడ చక్కగా కీర్తన ఎత్తుకున్నారు, జనం లేచి పాడేశారు. నేను చెయ్యి పైకెత్తి నిలబడ్డవాణ్ణి, ఆశీర్వదిస్తున్నట్టు మొహం పెట్టి దించుకున్నాను.

బయటికొచ్చాక, "ఏటి టీచరమ్మా, వాక్యాన్ని మధ్యలో తెంచీసేరు" అన్నాను.

"వాక్యాన్ని తెంచలేదు బాబూ. నిన్ను తెంచేను. వాక్యం బాగానే ఉన్నాది" అన్నారు.

ఇప్పుడు రెండు అలవాట్ల గురించి చెప్పాలి. ఈ కథంతా వాటిమీదే తిరుగుతుంది.

ఒకటి ఆవిడ అలవాటు. ఇచ్ఛాపురం అవతల ఆవిడ పుట్టిన ఊళ్ళో ప్రార్థనలకి కాళ్ళతో గాలికొట్టే హార్మోనియం ఉండేదట. వాళ్ళ నాన్నగారు వాయించేవారు. దానికి ముందు కాలుతో గాలి నింపాలి, తర్వాతే వేళ్ళు. గాలి లేని పెట్టె మీద ఎంత గొప్ప వేలు పెట్టినా కిక్కురుమనదు. "కాలు ముందు, చెయ్యి తర్వాత, నోరు ఆఖరికి" అని ఆయన నేర్పారు, ఈవిడ మాకు నేర్పారు. పియానోకి గాలి అక్కర్లేదు. అయినా కూర్చోగానే ఆవిడ కాలు ముందు పెడల్ మీదకే వెళ్ళేది.

రెండోది మా సంఘం అలవాటు. మొదటి ప్రార్థనకి మెయిన్ స్విచ్ ఆపేస్తాం. ఫ్యాన్లు, మైకు, లైట్లు అన్నీ. మనిషి చేసిన చప్పుడేదీ దేవుడి ముందు మోగకూడదని ఏ కాలంలోనో పెద్దలు పెట్టారు. జూన్ నెలలో చొక్కాలు తడిసి ముద్దవుతాయి, అయినా ఎవరూ మార్చలేదు. ఆ నిశ్శబ్దంలో టీచరమ్మ కాలు పెడల్ మీద పడిన కిర్రు చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది, జనం లేచి నిలబడతారు. ప్రార్థన అయ్యి ఆమెన్ అనగానే నేను స్విచ్ వేస్తాను. పాట మొదలవుతుంది.

ఈ రెండు అలవాట్లూ ఏళ్ళ తరబడి ఒకదాని పక్కన ఒకటి హాయిగా బతికాయి.

ఈ కొత్త శతాబ్దం మొదలైన నాలుగైదేళ్ళకి ఆవిడకి చక్కెర వ్యాధి ముదిరింది. కుడికాలి వేలికి పుండు పడింది, అది మానలేదు. మోకాలి కింద తీసేశారు. నేను ఆసుపత్రికి వెళ్ళాను. ఓదార్పు మాటలు దారంతా కూర్చుకుంటూ వెళ్ళాను.

ఆవిడ నన్ను చూసి, చంకలో గ్రంథం చూసి, "వాక్యం చదవడానికొచ్చేవా బాబూ? చదువు. కానీ పొట్టిది చదువు. నిన్ను ఆపడానికి ఇప్పుడు నాకు పెడల్ లేదు" అన్నారు.

చదవలేకపోయాను. పుస్తకం తెరిచి అలాగే కూర్చున్నాను.

ఇంటికొచ్చాక ఆవిడ ఒకరోజు చంకకర్రలతో ప్రార్థనాశాలకి వచ్చి పియానో ముందు కూర్చున్నారు. పెడల్ కుడివైపు ఉంది, కాలు ఎడమవైపు ఉంది. ఎడమకాలు అటు చాపితే నడుం మెలితిరిగి, చేతులు మెట్ల మీంచి జారిపోతున్నాయి. పైగా చెదలు తిన్న ఆ పియానోలో సగం మెట్లు అప్పటికే మూగబోయాయి. మూత వేసి, "ఇదీ నేనూ ఒకేసారి కుంటిపడ్డాం" అన్నారు.

తర్వాతి వారం పెద్దల సమావేశం పెట్టారు. మా సంఘపెద్ద కార్ఖానాలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయినవారు. మంచి మనిషి, మాట మాత్రం రోలింగ్ మిల్లులోంచి వచ్చినట్టుంటుంది. బయటినుంచి ఒక కీబోర్డు వాయించే మనిషిని ఆదివారాలకి పెట్టుకుందామన్నారు. టీచరమ్మని ముందు వరసలో కూర్చుని విశ్రాంతి తీసుకోమందామన్నారు. అక్కడితో ఆగుంటే నేను కూడా ఊరుకుందునేమో. ఆగలేదు.

"ధర్మశాస్త్రంలో ఉన్నాది కదా తమ్ముడూ, అవిటివాళ్ళు బలిపీఠం దగ్గరికి రాకూడదని. నేను రాసిందా అది?" అన్నారు.

నేను లేచాను. "ఉన్నాది పెద్దాయనా. అక్కడే ఆగిపోయేరేటి? పేజీ తిప్పడానికి చెయ్యి నొప్పా? ఇంకా ముందుకెళ్ళండి. ఒక రాజు, చచ్చిపోయిన తన స్నేహితుడి కొడుకుని, రెండు కాళ్ళూ కుంటివాణ్ణి, తన బల్ల దగ్గరే కూచోబెట్టుకుని రోజూ అన్నం పెట్టేడా లేదా? ఇంకా వెళ్ళండి. విందుకి పిలిచిన పెద్దమనుషులు రాకపోతే వీధుల్లోకెళ్ళి కుంటివాళ్ళని, గుడ్డివాళ్ళని తోలుకురమ్మన్నాడా లేదా? ఏ పేజీ దగ్గర ఆగాలో తెలీనోడి చేతిలో గ్రంథం కత్తిపీట అయిపోతాది!"

"నాకు ప్రసంగం చెప్పకు!"

"వాక్యం మీరు తీసేరు, నేను మూత పెడతన్నాను!"

చంకకర్ర నేల మీద టక్‌మంది. అందరం తిరిగాం. టీచరమ్మ గుమ్మంలో ఉన్నారు, పక్కన కోడలు.

"మీరిద్దరూ పేజీలు తిప్పుకుంటూ ఉండండి. నాకు మాత్రం పెడల్ కావాలి. ఎడమవైపు" అన్నారు.

ఆ కోడలు గురించి చెప్పాలి. జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగిన పిల్ల. బిష్టుపూర్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద పని. అత్తగారు తెలుగులో అడిగితే కోడలు హిందీలో జవాబిస్తుంది, ఇద్దరికీ అంతా అర్థమవుతుంది. ఇంట్లో ఒక ల్యాప్‌టాప్ కంప్యూటర్ కూడా ఉంది. మంచి పియానో మీద ఒక్కో మెట్టునీ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి కొట్టించి, ఆ శబ్దాలన్నీ పట్టి దాచిన సాఫ్ట్‌వేర్ ఉంటుందని ఆ అమ్మాయికి తెలిసింది.

"అత్తయ్యా, పూరా పియానో కంప్యూటర్‌లో ఆ జాతా హై."

"ఏటీ? అంత పెట్టె ఇంత డబ్బాలో పడతాదా?"

"పెట్టె నహీ అత్తయ్యా. ఆవాజ్. శబ్దం."

సంఘం అల్మారాలో ఒక చిన్న కీబోర్డు ఉండేది. దాని సొంత గొంతు చెవిలో దోమ పాడినట్టుంటుంది. దానికీ కంప్యూటర్‌కీ మధ్య ఒక తీగ కట్టాలి. దాన్ని మిడి తీగ అంటారట. నాకు ఆ తీగ తెగ నచ్చింది, ఎందుకో చెబుతాను. అందులో పాట వెళ్ళదు. కబురు మాత్రమే వెళ్తుంది. 'ఫలానా మెట్టు నొక్కారు, ఇంత బలంగా నొక్కారు, కాలు దిగింది, కాలు లేచింది.' అంతే. ఆ కబురు అందుకుని అవతల పెట్టె స్వరం పుట్టిస్తుంది. ముందు మాట, ఆ మాట వల్ల సృష్టి. ఇది మీకు ఎక్కడైనా చదివినట్టు లేదూ? "ఇంక దీనిమీద ప్రసంగం చెప్పకు బాబూ" అని టీచరమ్మ చేతులు జోడించారు గాని, చెప్పాను.

కద్మా ఇంట్లో మొదటిసారి కలిపిన రోజు నేనూ ఉన్నాను. ఆవిడ మెట్టు నొక్కారు. ఏమీ లేదు. చెయ్యి తీసేశాక అప్పుడు పలికింది.

"ఇది మన పెద్దాయన లాగున్నాదే! అడిగినాక ఆలోచించి ఊ అంటాది" అన్నారు.

కోడలు తెర మీద ఆ ఆలస్యం తాలూకు అదేదో అంకె తగ్గించింది. మరీ తగ్గించేసరికి స్వరంతోపాటు పకోడీలు వేగినట్టు పటపటమని చప్పుడు. కొంచెం పెంచింది. ఆలస్యం. కొంచెం దించింది. పకోడీలు. అలా దించుతూ పెంచుతూ, ఆలస్యం చెవికి తెలియని చోట, పకోడీలు మొదలవని చోట, సన్నని గట్టులాంటి అంకె ఒకటి పట్టుకుంది. టీచరమ్మ ఒక్క మెట్టు నొక్కి, అది పూర్తిగా ఆరిపోయేదాకా కదలకుండా విన్నారు. ఆ మొహం నాకు గుర్తుంది. చాన్నాళ్ళకి ఊరినుంచి వచ్చిన చెల్లెల్ని గుమ్మంలో చూసినట్టు ఉంది.

ఇక పెడల్. కుట్టుమిషను మోటారుకి కాలికింద పెట్టుకునే డబ్బా ఉంటుంది చూడండి, అలాంటిదే, చిన్నది. దాని తీగ కీబోర్డు వెనక గుచ్చాలి. పియానో పెడల్ పుట్టిన చోటు వదిలి రాదు. దీనికి కాళ్ళున్నట్టే, ఎటు జరిపితే అటు వస్తుంది. కోడలు దాన్ని ఎడమవైపు పెట్టి, అన్నీ స్విచ్‌లు వేసి, అప్పుడు అత్తగారిని పిలిచింది. ఆవిడ ఎడమకాలు పెట్టి నొక్కారు. స్వరం నిలిచింది. ఎత్తారు. ఆగింది. కొత్త కాలికి పని నేర్పడానికి రోజుల తరబడి కూర్చున్నారు. కుడికాలికి తెలిసినదంతా ఎడమకాలికి మొదటినుంచీ చెప్పుకొచ్చారు, స్కూలు పిల్లకి చెప్పినట్టు. "నీకు లెక్కలు రావు, కానీ మొద్దువి కాదు" అని కాలితో మాట్లాడేవారని కోడలు చెప్పింది.

ఒక శనివారం సాయంత్రం అంతా ప్రార్థనాశాలకి మోసుకొచ్చాం. కంప్యూటర్‌కి బ్యాటరీ ఉంది, కీబోర్డుకి గోడ కరెంటు. పాడేవాళ్ళంతా వచ్చారు. పెద్దాయన వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు. మా పద్ధతి ప్రకారం నేను మెయిన్ స్విచ్ ఆపాను. టీచరమ్మ పెడల్ మీద కాలు పెట్టి నొక్కి కూర్చున్నారు. కిర్రు లేకపోయినా చూసి జనం లేచారు. ప్రార్థన అయ్యింది. ఆమెన్. స్విచ్ వేశాను.

ఏం చెప్పమంటారు! కాలు నొక్కి వాయిస్తే స్వరాలు టకటకా తెగిపోతున్నాయి. కాలు ఎత్తితే ఏదీ ఆగదు, ఒకదాని మీద ఒకటి పడి సాక్చి మార్కెట్లో అందరూ ఒక్కసారి అరిచినట్టు గోల. ఆవిడ ఆపేశారు.

"నేను చెప్పేనా! దేవుడికి ఇష్టం లేదు" అన్నారు పెద్దాయన.

"ఇష్టం లేకపోతే ఉరుము పంపుతాడు పెద్దాయనా. తీగలో దూరి చక్కిలిగింతలు పెట్టడు" అన్నాను.

కోడలు వచ్చి స్విచ్ ఆపి, మళ్ళీ వేసి, తానే నొక్కి చూసింది. బ్రహ్మాండంగా ఉంది. సరే, మళ్ళీ మొదటినుంచి అన్నాం. లైట్లు ఆపాం, ప్రార్థన, ఆమెన్, స్విచ్. మళ్ళీ గోల! ఇంక వెనక గుసగుసలు మొదలయ్యాయి. ఆ పిల్ల చేతిలో బాగుంది, ఈవిడ ముట్టుకుంటే పాడవుతోంది, ఏదో ఉంది అని. ఆ గుసగుస ఆవిడ చెవిన పడింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఘర్ మే తో ఠీక్ థా..." అని, ఇంట్లో బాగానే పలికిందే అనుకుంటూ కోడలు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "అత్తయ్యా, ఏక్ బార్ ఫిర్. జైసే రోజ్ కర్తే హై, వైసే హీ." రోజూ చేసినట్టే మళ్ళీ చేశాం. ఈసారి ఆ అమ్మాయి కళ్ళు మూసుకోలేదు. ప్రార్థన అంతసేపూ అత్తగారి కాలు చూస్తూ కూర్చుంది. ఆమెన్ కాగానే ఒక్క అరుపు అరిచింది.

"పైర్ పహలే! అత్తయ్యా, ఆప్ పైర్ పహలే రఖ్‌తీ హై!"

ఆవిడ కాలు ముందు పెడుతున్నారట! సంగతి ఇది. కీబోర్డుకి కరెంటు రాగానే అది ముందు పెడల్ వంక చూసుకుంటుందట. ఆ క్షణంలో పెడల్ ఎలా ఉంటే, 'ఇదే కాలు పెట్టని స్థితి' అని రాసిపెట్టుకుంటుంది. లోకంలో అందరూ ముందు స్విచ్ వేసి, తర్వాత కాలు పెడతారు. మా దగ్గర కరెంటు వచ్చేసరికే కాలు కింద ఉంది. అది నొక్కిన పెడల్‌ని విశ్రాంతి అనుకుంది, ఎత్తిన పెడల్‌ని నొక్కడం అనుకుంది. దెయ్యమూ లేదు, శాపమూ లేదు. వాళ్ళ నాన్నగారి హార్మోనియం అలవాటూ మా చీకటి ప్రార్థన అలవాటూ ఆ డబ్బా దగ్గర ఢీకొన్నాయి.

పెద్దాయన ఊపిరి పీల్చుకుని, "అంతేనా! అయితే అమ్మా, కాలు తర్వాత పెట్టండి. సులువైపోయింది" అన్నారు.

న్యాయమైన మాటే. ఎవరైనా సరేనంటారు. టీచరమ్మ కళ్ళజోడు పెట్టుకున్నారు.

"పెట్టను."

"అదేటమ్మా?"

"మా నాన్న పెట్టె దగ్గర్నించి కాలు ముందు పెట్టేను. కాలు పోయినా పద్ధతి పోలేదు. ఉన్న ఒక్క కాలికీ కొత్తగా పాఠం చెప్పి ఇంతదూరం తెచ్చేను. ఇప్పుడు నీ పద్ధతి తప్పు, వెనక్కుండు అని దానికి నేను చెప్పను. నేర్చుకుంటే ఆ డబ్బా నేర్చుకుంటాది."

కోడలు నవ్వు ఆపుకుంటూ మౌస్ పట్టుకుంది. ఆ పియానో సాఫ్ట్‌వేర్‌లో పెడల్‌ని తిరగేసే చిన్న గడి ఒకటి ఉందట. అందులో టిక్కు పెట్టింది. "ఉల్టా కో ఉల్టా కర్ దియా. అబ్ సీధా." మళ్ళీ స్విచ్ ఆపాను. కాలు. ప్రార్థన. ఆమెన్. స్విచ్.

ఆ సాయంత్రం వినిపించిన మొదటి స్వరాల గురించి రాయడం నాకు చేతకాదు. ఆ చెదల పియానో ఎప్పుడూ అంత బాగా పలకలేదని మాత్రం చెప్పగలను. పాడేవాళ్ళు పాడటం మర్చిపోయారు.

"అత్తయ్యా, యాద్ రఖియే. అబ్ హమేషా పైర్ పహలే. ఎవరైనా ముందు స్విచ్ వేశారో, మళ్ళీ వహీ గోల" అంది కోడలు.

"వేసినోళ్ళే నేర్చుకుంటారు" అన్నారు ఆవిడ.

మర్నాడు నా ప్రసంగం ఏదో మీరు ఊహించే ఉంటారు. నది నిండుగా పారుతోంది, ఒడ్డులు పొర్లుతోంది, దేవుడి పెట్టె, ఆ మందసం మోసేవాళ్ళు నిలబడ్డారు. నీళ్ళు ముందు ఆగాయా, వీళ్ళు ముందు కాళ్ళు పెట్టారా? చదువుకోండి! పాదాలు నీటి అంచుని తాకాకే నది ఆగింది. దారి కనిపిస్తే నడుస్తాననేవాడు ఒడ్డున ముసలాడవుతాడు. సువర్ణరేఖ వరదలో ఉన్నప్పుడు మాంగో వంతెన మీద నిలబడి చూడండి, అలాంటి నీళ్ళలోకి కాలు దించడం అంటే ఏమిటో తెలుస్తుంది. ఆ రోజు టీచరమ్మ చాలాసేపు నన్ను ఆపలేదు. కొత్త పెడల్ కిర్రుమనదు కదా అనుకుని పొడిగించాను. చంకకర్ర టక్‌మంది.

ఆ ఆదివారం వాయిస్తూ ఉంటే పెడల్ నున్నటి ఎర్రగచ్చు మీద జారిపోయేది. ఆవిడ కాలు దాన్ని వెతుక్కుంటూ వెళ్ళేది. తర్వాతి వారం వచ్చేసరికి దాని కింద మందపాటి రబ్బరు ముక్క, పాత కన్వేయర్ బెల్టుది, కొలిచి కోసి పెట్టి ఉంది. ఎవరు పెట్టారని అడిగాను. పెద్దాయన కిటికీ బయటికి చూస్తూ, "పాతసామాన్ల కబాడీ దుకాణంలో కనిపించింది. పడి ఉంటాదని తెచ్చేను" అన్నారు. అందుకే చెబుతున్నాను, ఆయన చెడ్డవారు కాదు.

ఆ తర్వాత మీలో ఎంతమందికి ఆవిడ నేర్పారో లెక్క నేను కట్టను, మీకు తెలుసు. వంట ముగించుకుని వచ్చిన ఆడవాళ్ళు, డ్యూటీ దిగి వచ్చిన మగవాళ్ళు. ఒక్కొక్కరికీ ఎడమకాలితోనే నేర్పారు, తన దగ్గర ఉన్నది అదే కాబట్టి. కుడికాలు పెడతామంటే, "రెండున్నాయని గొప్పా?" అనేవారు. కాలు ఎత్తకుండా వాయించి స్వరాలన్నీ పులుసు చేసినవాళ్ళతో, "పట్టుకోడం పసిపిల్లకైనా వచ్చు. కొత్త స్వరం గుమ్మంలో ఉంటే పాతదానికి దారివ్వాలి" అనేవారు. నేర్చుకున్నాక ఎవరూ ఆదివారం ముందుకి రాలేదు. ఆవిడ ఉన్నారు కదా అన్నారు. నేనే విన్నాను. "నేను పోయినాక నేర్చుకున్నదంతా చట్నీలో నంజుకుంటారా?" అని ఆవిడ అడిగితే అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళు మీరే.

ఇక గురువారం. సంతాప ప్రార్థనకి పెద్దాయన బయటినుంచి ఒక కీబోర్డు వాయించే మనిషిని పిలిపించారు. అతనికి ఏం తెలుసు పాపం. లైట్లన్నీ వెలుగుతూ ఉండగా కీబోర్డు స్విచ్ వేసి, కంప్యూటర్ తెరిచి, తర్వాత కుర్చీ లాక్కుని కాలు పెట్టాడు. అదే గోల. ఆవిడ ఫోటో ముందు, దండ వేసిన ఫోటో ముందు, ఆ మార్కెట్ గోల! అతను విసుక్కుని, "ఇది పాడైపోయింది" అని లేచిపోయాడు. పెద్దాయన మొహం తుడుచుకున్నారు. "ఆవిడతోనే పోయింది" అన్నారు. ఏడుస్తూనే అన్నారు. కానీ ఏడుస్తూ చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు. నేను అక్కడే లేచి "పోలేదు!" అని అరిచాను. "దుఃఖంలో ఉన్నావు తమ్ముడూ, కూచో" అన్నారు. కూర్చోలేదు.

నిన్న మధ్యాహ్నం కోడలితో కలిసి ప్రార్థనాశాలకి వెళ్ళాను. స్విచ్ ఆపాను. ఆ అమ్మాయి అత్తగారి కుర్చీలో కూర్చుని పెడల్ మీద ఎడమకాలు పెట్టింది. ఇద్దరం తలలు వంచాం. ఏం ప్రార్థించామో నాకు గుర్తులేదు. ఆమెన్ అని స్విచ్ వేశాను. ఆ అమ్మాయికి వాయించడం రాదు, ఒక్క మెట్టు నొక్కి వేలు తీసేసింది. స్వరం నిలబడింది. నిలబడే ఉంది. కాలు ఎత్తింది. చక్కగా ఆగింది. పెట్టెకి ఏ రోగమూ లేదు సహోదరులారా! దానికి ఆవిడ ఏం నేర్పారో అది మర్చిపోలేదు. మర్చిపోయింది మనం.

"ఠీక్ హై, అంకుల్?" అంది కోడలు.

"ఠీక్ హై తల్లీ" అన్నాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

పెద్దాయనకి కబురు పెట్టాను. "మోగడం ఒకటే చాలదు, వాయించే మనిషేడి? మనిషిని చూపించు, మూట కట్టను" అని జవాబొచ్చింది. న్యాయమే. ఆయన అడిగింది నా ప్రసంగం కాదు. మిమ్మల్ని అడిగారు.

ఇవాళ శనివారం. రేపు ఆరాధన అయ్యాక ఆ తీగలు విప్పేస్తారు. ఒకసారి విప్పితే ఆ సన్నని గట్టులాంటి అంకె, ఆ తిరగేసిన గడి, ఎడమవైపు రబ్బరు మీద మడమ రాసుకుని నున్నబడిన ఆ చోటు, ఇవన్నీ ఎవరు మళ్ళీ పెడతారు? నాకు చేతకాదు, చెయ్యి చాస్తే దేవుడి గ్రంథం మీదకే వెళ్తుంది. మీలో నేర్చుకున్నవాళ్ళున్నారు. తప్పులొస్తాయని భయమా? రానివ్వండి. జనం నవ్వుతారనా? ఆవిడ ఎదుట నవ్వినవాళ్ళు మీరు, మీ ఎదుట కాస్త నవ్వనివ్వండి. బాగా వచ్చాక వస్తానంటారా? ఒడ్డున నిలబడి నది ఆగాక వస్తాననడం అదే!

ఈ కాగితం మడిచి గ్రంథంలో పెట్టి రేపు చదువుదామనుకోవద్దు. భాలుబాసాలో ఉన్నా, కద్మాలో ఉన్నా, వంతెన అవతల మాంగోలో ఉన్నా, పొయ్యి ఆర్పి, చెప్పులేసుకుని బయల్దేరండి. సాయంత్రం నేను ప్రార్థనాశాల తెరిచి, లైట్లన్నీ ఆపి, మెయిన్ స్విచ్ మీద చెయ్యేసి గోడ దగ్గర నిలబడి ఉంటాను. ఫ్యాన్లు తిరగవు. కుర్చీ ఖాళీగా ఉంటుంది. దాని కింద ఎడమవైపు, నల్లటి రబ్బరు ముక్క మీద, ఆ చిన్న పెడల్ ఎదురుచూస్తూ ఉంటుంది. నేను స్విచ్ వెయ్యను. మీ కాలు దానిమీద పడేదాకా వెయ్యను.

రండి. ఇవాళే. కాలు ముందు పెట్టండి.